షుక్రన్ అంటే టీ రాదు: ఈజిప్టు అరబ్బీలో టీ చెప్పడం నేర్చుకున్న ఒక విద్యార్థిని కేసు

మనం టీ అడగం, టీ చెబుతాం. హోటల్లో కూర్చుని ‘రెండు టీ’ అనేస్తే మన బాధ్యత తీరిపోతుంది. చక్కెర ఎంత, పాలు పోయాలా వద్దా, ఆకు మరిగించాలా నానబెట్టాలా అన్నవన్నీ చేసేవాడి చేతి లెక్కలు. ఈ అలవాటు మనలో ఎంత లోతుగా పాతుకుపోయిందో, వాడుక అరబ్బీ నేర్పడం మొదలుపెట్టిన పదకొండో ఏట గాని నాకు తెలిసిరాలేదు. తెలియజెప్పింది ఒక విద్యార్థిని. ఆమె అనుమతి తీసుకుని, పేరు గాని సంస్థ గాని చెప్పకుండా, ఆ కేసు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఆమె తప్పుల కన్నా నా తప్పులే ఇందులో ఎక్కువ.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. సొంత ఊరు గుంటూరు దగ్గర. ఎం.ఫార్మసీ చదివి, హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ నాణ్యత విభాగంలో పని చేస్తున్నారు. కంపెనీవారు ఆమెను 2024 జనవరి నుంచి మే వరకు ఈజిప్టులోని ఒక కర్మాగారానికి పంపారు. కర్మాగారం ఉన్నది కైరోకు ఈశాన్యాన, అందరూ ‘ఇల్ ఆషిర్’ అని పిలుచుకునే పదో రమదాన్ నగరంలో. బస కైరోలోని మదీనెత్ నస్ర్‌లో. 1973 యుద్ధం మొదలైన రోజు ఇస్లామీ పంచాంగం ప్రకారం రమదాన్ పదో తేదీ, మనం వాడే క్యాలెండర్‌లో అక్టోబర్ 6. కైరోకు ఒక పక్కన ఉన్న కొత్త నగరానికి ఆ పేరు, ఇంకో పక్కన ఉన్న నగరానికి ఈ పేరు పెట్టుకున్నారు. ఒక్క రోజుకు రెండు ఊళ్లు. ఈ సంగతి చెబితే ఆమె నవ్వి, ‘సార్, నాకు చరిత్ర వద్దు, వ్యాకరణం కూడా వద్దు’ అన్నారు. ‘ఆఫీసులో అందరికీ ఇంగ్లీషు వచ్చు. టీ, కాఫీ మాత్రం నా నోటితో నేను అడిగి తెచ్చుకోగలిగితే చాలు. పూటకు నాలుగుసార్లు టీ లేకపోతే నాకు తలనొప్పి.’

ఇదెంత పని అనుకున్నాను. ప్రయాణానికి ముందు ఐదు వారాల్లో పదహారు తరగతులు జరిగాయి. మొదటి నాలుగూ దండగ చేసింది నేనే.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కువైట్, సౌదీ, ఖతర్ వెళ్లేవాళ్లు. రాయచోటి నుంచి, రాజంపేట నుంచి, కోనసీమ నుంచి, జగిత్యాల నుంచి వస్తారు. వాళ్లలో ఏ దేశం వెళ్లేవారికైనా పనికొస్తుందని మొదట గ్రాంథిక అరబ్బీ వాక్యం ఒకటి చెప్పి, తర్వాత దాన్ని ఆయా దేశాల వాడుకలోకి మార్చడం నా పద్ధతి. ఈమెకూ అలాగే ‘ఉరీదు కూబన్ మినష్షాయ్’తో మొదలుపెట్టాను. అర్థం సరైనదే, వ్యాకరణం సరైనదే. కైరో టీ కొట్టు ముందు నిలబడి ఆ మాట అంటే, మన చౌరస్తాలో బండి దగ్గరికి వెళ్లి ‘నాకొక చషకము తేనీరు కావలయును’ అన్నట్టుంటుంది. తిట్టరు, పొమ్మనరు. పక్కవాళ్లను పిలిచి వినిపిస్తారు. గిడుగువారు వాడుక భాష కోసం మనకు చేసినంత పోరాటాన్ని గెలిపించుకున్నవారు అరబ్బుల్లో ఇంకా రాలేదు కాబట్టి అక్కడ రాత ఒకటి, నోరు ఒకటి. అయిదో తరగతిలో గాని నేను దారికి రాలేదు.

కైరో నోటిలో ఖాఫ్ అనే అక్షరం మింగుడుపడిపోతుంది. గ్రాంథికంలో ‘కహ్వా’, గల్ఫులో ‘గహ్వా’ అయిన కాఫీ అక్కడ ‘అహ్వా’. ఆ ‘అ’ను గొంతులో చిన్నగా ఆపి వదలాలి. కాఫీ తాగే చోటుకూ అదే పేరు. మనం ‘కాఫీ’ అంటున్నది కూడా ఆ ‘కహ్వా’యే, తుర్కీ మీదుగా ఐరోపా తిరిగి మన దగ్గరికి వచ్చింది. ‘నాకు కావాలి’ అనడానికి ఆడవాళ్లు ‘అయ్‌జా’ అంటారు, మగవాళ్లు ‘ఆయిజ్’ అంటారు. తెలుగువాళ్లు ఎప్పుడూ తడబడే చోటు ఇదే. మన భాషలో ‘నాకు కావాలి’కి ఆడా మగా లేదు.  అరబ్బీలో ఇలాంటి మాటలకు తన గురించి తాను చెప్పుకునేటప్పుడు కూడా లింగం చూసుకోవాలి. హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా ఉండి హిందీ మాట్లాడే ఆమెకు ఇది రెండో రోజుకే పట్టుబడింది.

ఆమె నోట్‌బుక్కు అంతా తెలుగు లిపిలోనే రాసుకునేవారు. నేను అడ్డు చెప్పలేదు. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం చూపించడంలో మన లిపికి సాటి లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లకు ‘హమామ్’ ఏదో ‘హమ్మామ్’ ఏదో తేలదు. ఒకటి పావురాలు, రెండోది స్నానాల గది. అక్క, అత్త, అన్న అంటూ పెరిగినవాళ్లకు ఆ చిక్కు లేదు. ‘సుక్కర్’లోని ఒత్తు ఆమె నోట మొదటిసారే సరిగ్గా పడింది. మన లిపికి చేతకానిది గొంతు అక్షరాలు. వాటిలో ఒకటైన అయిన్ ఆమెకు రాలేదు, చివరిదాకా రాలేదు. ఒక తరగతి మొత్తం దాని మీద పెట్టి, తర్వాత వదిలేశాను. ‘అయ్‌జా షాయ్’లో అయిన్ లేకపోయినా టీ వస్తుంది. నా తోటి ఉపాధ్యాయులు కొందరు దీన్ని ఒప్పుకోరు. వాళ్ల విద్యార్థులు అయిన్ చక్కగా పలుకుతారు, టీ మాత్రం ఇంగ్లీషులో అడుగుతారు.

వెళ్లే ముందు చివరి తరగతిలో ఆమె గుక్క తిప్పుకోకుండా పది వాక్యాలు అప్పజెప్పారు. నేను సంతృప్తిగా పంపించాను.

మొదటి వారం

రోజూ రాత్రి ఆ రోజు జరిగింది వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాలని మా ఒప్పందం. మొదటి మూడు రోజుల రికార్డుల్లో ఒకటే మాట: ‘సార్, టీ రావడం లేదు.’

ఈజిప్టు ఆఫీసుల్లో ‘బుఫే’ అని ఒక గది ఉంటుంది. పేరు విని విందు అనుకోవద్దు. ఒక గ్యాస్ పొయ్యి, ఒక సింకు, వరసగా గాజు గ్లాసులు, వాటి మధ్య ఒక పెద్దమనిషి. పొద్దున్నే ఆయన బల్ల బల్లకూ తిరిగి ఎవరికి ఏం కావాలో అడిగి వెళతాడు. ఈమె బల్ల దగ్గరికీ వచ్చాడు. ‘తిష్రబీ ఏహ్ యా దొక్తోరా?’ అన్నాడు. ఏం తాగుతారు డాక్టరు గారూ అని. ఫార్మసీ చదివినవాళ్లను అక్కడ డాక్టరు అనే పిలుస్తారు. ఆమె ఆ సంబోధనకే సగం కంగారుపడ్డారు. రెండో మాటగా ఆయనే ‘షాయ్?’ అన్నాడు. ఆమె హమ్మయ్య అనుకుని, చక్కగా నవ్వి, నేను నేర్పిన మర్యాద ప్రకారం ‘షుక్రన్’ అన్నారు. ఆయనా నవ్వి వెళ్లిపోయాడు. పక్క బల్లలకు టీ వచ్చింది. ఈమెకు రాలేదు. మర్నాడూ ఇదే. మూడో రోజూ ఇదే.

షుక్రన్ అంటే కృతజ్ఞత అని మొదటి తరగతిలోనే చెప్పాను. ఇస్తామన్నప్పుడు ఒట్టి షుక్రన్ అంటే ‘వద్దండి’ అని అర్థమని చెప్పలేదు. చెప్పవలసిన విషయమని నాకు తోచనే లేదు, ఎందుకంటే కైరోలో ఉన్న రెండేళ్లలో నేను ఏనాడూ టీ వద్దనలేదు. మనం ‘ఇప్పుడే తాగి వచ్చానండి’ అని గుమ్మంలో అంటామే, ఆ పని వాళ్లకు షుక్రన్ ఒక్కటే చేసిపెడుతుంది. కావాలంటే ‘యా రేత్’ అనాలి, ఇస్తే అంతకన్నానా అన్నట్టు. లేదా ‘ఆహ్, లౌ సమహ్త్’ అనాలి, ఔను, దయచేసి అని. నాలుగో రోజు ఆమె ‘యా రేత్’ అన్నారు. ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ‘మిన్ ఎనయ్యా’ అన్నాడు. అది మళ్లీ ఏదో ప్రశ్న కాబోలని ఆమె బిక్కమొహం వేశారు. ‘నా కళ్లల్లోంచి’ అని దానర్థం, కళ్లకద్దుకుని తెస్తానని. జవాబు చెప్పనక్కర్లేదు, నవ్వితే చాలు.

ఆ రాత్రి నేను మా తరగతుల రికార్డులన్నీ మళ్లీ విన్నాను. పదహారు తరగతుల్లోనూ ఆమే మొదలుపెడుతున్నారు, నేను వెంటనే ‘హాదిర్’, అలాగేనండి, అని టీ ఇచ్చేస్తున్నాను. అవతలివాడు ఎదురు ప్రశ్న వేసిన సందర్భం ఒక్కటీ లేదు. టీ చెప్పడంలో మన వాక్యం ఒక్కటే ఉంటుంది. మిగతాదంతా అవతలివాడి ప్రశ్నలు. నేను నేర్పింది ఆ ఒక్క వాక్యాన్ని.

కొషరీ, వల్లా, ఫత్లా

రెండో వారం ఆమె ఒక సాయంత్రం బస దగ్గరి అహ్వాలోకి ధైర్యం చేసి వెళ్లారు. పాతబస్తీ అహ్వాల్లో మగవాళ్లే ఎక్కువ కూర్చుంటారు. మదీనెత్ నస్ర్‌లో కుటుంబాలు వచ్చేవీ ఉన్నాయి, అలాంటి దానిలోకే వెళ్లారు. ఆ సంభాషణను ఆమె ఫోనులో రికార్డు చేశారు. నేను ఇరవైసార్లయినా విని ఉంటాను.

ఆమె: ‘మమ్కిన్ షాయ్, లౌ సమహ్త్?’ నేను చెప్పింది ముమ్కిన్, అక్కడికి వెళ్లేసరికి మమ్కిన్ అయింది. పరవాలేదు. ఇది నాకు ఇష్టమైన వాక్యం. ‘టీ దొరుకుతుందా’ అన్నట్టు ఉంటుంది, అయ్‌జా, ఆయిజ్ గొడవ ఉండదు. కాకపోతే లింగం చూసుకునే పని ‘లౌ సమహ్త్’ దగ్గరికి జరుగుతుంది, అవతల ఆడమనిషి ఉంటే ‘సమహ్తి’ అనాలి.

కుర్రవాడు: ‘కొషరీ వల్లా ఫత్లా?’

ఆమె: ‘లా, లా. నో ఫుడ్. షాయ్.’

కుర్రవాడు, కొంచెం నెమ్మదిగా: ‘షాయ్ కొషరీ వల్లా ఫత్లా?’

ఇక్కడ నాలుగు క్షణాలు నిశ్శబ్దం. వెనక పాచికల చప్పుడు.

ఆమెకు కొషరీ తెలుసు. అన్నం, పప్పు, మాకరోనీ కలిపి పైన టమాటా పులుసు, వేయించిన ఉల్లిపాయ వేసి ఇస్తారు, కైరో వీధుల్లో పేదాగొప్పా అందరి భోజనం. ఆ ముందు రోజే తిన్నారు. టీ అడిగితే అన్నం పెడతానంటున్నాడేమిటి అనుకున్నారు. ‘వల్లా’ అనగానే దేవుడి మీద ఒట్టు వేస్తున్నాడనుకున్నారు. హైదరాబాద్‌లో ‘వల్లాహ్’ అనే ఒట్టు ఎన్నిసార్లు విని ఉంటారో మరి. ఫత్లా అసలే తెలియదు.

టీ విషయంలో కొషరీ అంటే ఆకు, సరిగా చెప్పాలంటే పొడి, గ్లాసులో వేసి మీద సలసల కాగే నీళ్లు పోసి అలా వదిలేసే టీ. పొడి అడుగుకు దిగేదాకా ఆగి తాగాలి. ఫత్లా అంటే దారం, దారం కట్టిన టీ పొట్లం అన్నమాట. వల్లా అంటే కేవలం ‘లేక’. ఇదా అదా అని అడిగే ప్రతి ప్రశ్నలోనూ నడుమ కూర్చునే మాట. అంతే ప్రశ్న, పొడి టీయా పొట్లం టీయా అని. ఎగువ ఈజిప్టువాళ్ల టీ వేరు, దాన్ని పొయ్యి మీద నల్లగా మరిగించి చక్కెర దండిగా వేస్తారు. మన బండి టీకి చుట్టరికం ఏదైనా ఉంటే దానితోనే, పాలు తప్ప.

ఆ రికార్డు విన్న రోజు నుంచి మా పద్ధతి తిరగేశాను. ఆన్‌లైన్ తరగతిలో ఆమెను అహ్వాగీని చేశాను, అంటే టీ కాఫీలు అందించేవాణ్ని. నేను గిరాకీని. ప్రశ్నలన్నీ ఆమే వేయాలి. కొషరీ వల్లా ఫత్లా? సుక్కరక్ అద్ది ఏహ్? బి నఅనాఅ? చక్కెర ఎంత, పుదీనా వేయాలా అని. నేను వంకర గిరాకీగా కూర్చున్నాను, ఒకసారి గొణిగాను, ఒకసారి ఫోనులో మాట్లాడుతూ తల ఊపాను, ఒకసారి చెప్పింది మార్చాను. ప్రశ్నను నోటితో నలభైసార్లు అడిగినవాళ్లు ఆ ప్రశ్నను ఎంత రొదలోనైనా పట్టుకుంటారు. చెవికి శిక్షణ నోటి ద్వారా ఇవ్వాలన్నది పాత సూత్రమే, నేను పదేళ్లుగా జవాబులకు మాత్రమే వాడుతున్నాను. మూడు తరగతులు చాలాయి. వెనక కైరో వీధి రొద రికార్డు పెట్టి నాలుగోది చేశాం.

తెలిసిన మాటలే ముంచాయి

తెలియని మాట ఎదురైతే మనిషి ఆగి అడుగుతాడు. తెలుసనుకున్న మాట ఎదురైతే ఆగడు. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు అరబ్బీలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే ఉర్దూ చేతికిచ్చిన అరబ్బీ మాటలు వాళ్ల జేబు నిండా ఉంటాయి.

మూడో వారంలో ఆమెకు కాఫీ తాగాలనిపించింది. బుఫే పెద్దాయన ‘సుక్కరిక్ ఏహ్?’ అని అడిగాడు. ఈసారి ప్రశ్న అర్థమైంది. మామూలుగా ఇవ్వండి, ప్రత్యేకం ఏమీ వద్దు అనే ఉద్దేశంతో ‘సాదా’ అన్నారు. మనకు సాదా అంటే మామూలు. సాదా దోసె అంటే మసాలా లేనిది. కాఫీకి సాదా అంటే ఒక్క పలుకు చక్కెర కూడా లేనిది. మండు చేదు. ఈజిప్టులో చావు ఇంట పరామర్శకు వచ్చినవాళ్లకు ఇచ్చేదీ ఆ సాదాయే. ఆమె తాగి మొహం చిట్లించడం చూసి పెద్దాయన ఏమైంది అన్నట్టు చెయ్యి తిప్పాడు.

మర్నాడు దిట్టమైన కాఫీ కావాలనుకుని ‘మజ్బూత్’ అన్నారు. ఉర్దూలో మజ్బూత్ అంటే గట్టిది కదా. వచ్చింది ఓ మోస్తరు తీపి కాఫీ. ఈజిప్టులో మజ్బూత్ అంటే ‘సరిగ్గా, కొలత కుదిరినట్టు’, కాఫీ విషయంలో చక్కెర మధ్యస్థం. దానికి కింది మెట్టు ‘అర్రీహా’, చక్కెర వాసన తగిలిందా అన్నంత. పై మెట్టు ‘జియాదా’. ఇది ఒక్కటే ఉర్దూ అర్థంతో కలిసింది, ఎక్కువ అని. దిట్టమైనది కావాలంటే వేపు మాటలు వేరు, గింజ ఎంత ముదురుగా వేయించారన్నది బట్టి లేతదైతే ‘ఫాతిహ్’, మధ్యస్థమైతే ‘వసత్’, ముదురైతే ‘గామిఅ’ అంటారు. ఏలకుల వంటివి కలిపితే ‘ముహవ్విగ్’.

చక్కెర సంగతి ముందే ఎందుకు అడుగుతారో ఆమెకు అప్పటిదాకా అర్థం కాలేదు. తర్వాత కలుపుకోవచ్చు కదా అని. నేను బుఫే గదిలోకి వెళ్లి పక్కన నిలబడి చూడమన్నాను. పెద్దాయన పొడుగు పిడి ఉన్న చిన్న పాత్ర తీశాడు, దాన్ని ‘కనకా’ అంటారు. అందులో మెత్తటి కాఫీ పొడి, చక్కెర, చన్నీళ్లు కలిపి సన్నని సెగ మీద పెట్టాడు. పొంగు అంచుదాకా లేచేసరికి ఠక్కున దించి, మొదట నురగను, ఆ తర్వాత కాఫీని ఫింగాన్ అనే చిన్న కప్పులోకి వంచాడు. ఆ నురగను ‘విష్’ అంటారు, ముఖం అని. ముఖం లేని కాఫీ ఇస్తే చేసినవాడికి చిన్నతనం. వడపోత లేదు. మడ్డి కప్పు అడుగున కూర్చుంటుంది, తరువాత చెంచా పెట్టి తిప్పితే అంతా పైకి లేస్తుంది. అందుకే చక్కెర పొయ్యి మీదే పడాలి, అందుకే ముందే అడగాలి. టీకి ఆ ఇబ్బంది లేదు, ‘సుక్కర్ బర్రా’ అంటే చక్కెర విడిగా ఇస్తారు. ఇది కళ్లతో చూశాక ఆమె మళ్లీ ఆ ప్రశ్న దగ్గర తడబడలేదు. నేను నాలుగు మెట్లనూ పట్టిక గీసి బట్టీ పట్టించాను, దానికి ఫలితం సున్నా.

ఆ చలికాలంలో ఈజిప్టులో చక్కెర కరువు. ధర రోజుకో తీరుగా ఎగబాకింది. ‘జియాదా’ అనే గిరాకీతో పెద్దాయన ‘నువ్వు పాషావా?’ అని ఎకసెక్కాలాడడం ఆమె ఒక రికార్డులో పంపారు. ఆ ఎకసెక్కం ఆమెకు అర్థమైంది. నాకు ఈ కేసులో మొదటి గెలుపు అదే అనిపిస్తుంది.

గల్ఫుకు వెళ్లేవాళ్ల కోసం ఒక పక్క మాట. ఈజిప్టులో పాల టీ ‘షాయ్ బి లబన్’. అక్కడ లబన్ అంటే పాలు. సౌదీలోనూ కువైట్‌లోనూ లబన్ అంటే మజ్జిగ, పాలు ‘హలీబ్’. ఈజిప్టు పాఠాలు విని రియాద్ వెళ్లిన ఒక నర్సు, నా పాత విద్యార్థినే, అడిగిన టీ పక్కన మజ్జిగ గ్లాసు చూసుకున్నారు. కువైట్‌లో ‘చ’ ధ్వని కూడా ఉంది, అక్కడివాళ్లు ‘చాయ్’ అనే అంటారు, మన చెవికి హాయిగా. అసలు గల్ఫులో టీ చెప్పడానికి అరబ్బీ అవసరం పడేదే తక్కువ. కొట్టులో ఉండేది మలయాళీ, లేదా మనవాడే.

అమ్మ్ అనే బాబాయి

పెద్దాయనను ఎలా పిలవాలన్నది ఇంకో మెలిక. పేరు పెట్టి పిలిస్తే అమర్యాద, ‘మిస్టర్’ అంటే ఆయనకు ఒళ్లు చీదర. అందరూ ఆయన పేరు ముందు ‘అమ్మ్’ చేర్చి పిలుస్తారు. తండ్రి తమ్ముడో అన్నో అని అర్థం, మన బాబాయి. టీ బండి ఆయనను మనం ‘బాబాయ్’ అంటామే, అచ్చం అదే. కానీ అరవై ఏళ్ల మీసాలాయనను ‘యా అమ్మ్’ అని పిలవడానికి ఈ గుంటూరు మనిషికి నోరు రాలేదు. ‘సార్, అమ్మా అన్నట్టే వినిపిస్తోంది’ అని రెండు వారాలు తప్పించుకున్నారు. ఆ గొంతు అక్షరం వచ్చి ఉంటే తేడా తెలిసేది, ఇక్కడ మాత్రం నేను అయిన్‌ను వదిలేసినందుకు కొంచెం బాధపడ్డాను. చివరికి ఒకనాడు జలుబుతో గొంతు బొంగురుపోయి ఉండగా పిలిచారట, అది నిజమైన అయిన్‌లా పలికిందని అక్కడివాళ్లు మెచ్చుకున్నారట.

ఆ జలుబుకు పెద్దాయన ‘గన్జబీల్’ ఇచ్చాడు. అల్లం. ఈజిప్టువాళ్లు జకారాన్ని గకారం చేస్తారు, మిగతా చోట్ల జన్జబీల్. ఈ మాట అక్కడిది కాదు, ఇక్కడినుంచి ఓడెక్కిందే, సంస్కృతంలో శృంగవేరం, పాళీలో సింగివేరం. సుక్కర్ కూడా మన శర్కరే.

నెల తిరిగేసరికి ఆమె తొలి పరీక్షను నేను పెట్టలేదు, పరిస్థితే పెట్టింది. తనిఖీ మధ్యలో ఆరుగురికి టీలు చెప్పే పని ఆమె మీద పడింది. అంకెల పాఠంలో నేను ద్వివచనం నేర్పి ఉన్నాను. గ్రాంథికంలో రెండుకు ప్రత్యేక రూపం, మూడు నుంచి పది దాకా బహువచనం, పైగా అంకె లింగం తిరగబడుతుంది. ఆ లెక్కలన్నీ టీ కొట్టు ముందు పనికిరావు. ఎన్ని కావాలో అంకె నిండుగా చెప్పి, పక్కన వస్తువు పేరు ఏకవచనంలో పడేయడమే. ఆమె ఫోను చేసి, ‘సార్, షాయేన్ అనాలా?’ అన్నారు. ‘మన హోటల్లో రెండు టీలు అంటారా, రెండు టీ అంటారా?’ అన్నాను. అటువైపు నవ్వు వినిపించింది, ఫోను పెట్టేశారు. ‘తలాతా షాయ్, ఇత్నేన్ అహ్వా మజ్బూత్, వాహిద్ యన్సూన్’ అని ఒక్క ఊపులో చెప్పారట. మూడు టీ, రెండు కాఫీ మజ్బూత్, ఒక సోంపు కషాయం. పెద్దాయన ‘హాదిర్ యా దొక్తోరా’ అని వెళ్లాడు. ఆరూ సరిగ్గా వచ్చాయి.

ఆ తర్వాత కేసు నిలిచిపోయింది. నేను ఊహించని కారణానికి. ఫిబ్రవరి రెండో వారం నుంచి పెద్దాయన ఆమె బల్ల దగ్గరికి వచ్చి ‘జయ్య్ కుల్ల్ యోమ్?’ అనడం మొదలుపెట్టాడు. రోజూలాగేనా అని. ఆమె తల ఊపేవారు. పొడి టీ, పుదీనా, ఒక చెంచా. పదిహేను రోజులు ఒక్క కొత్త మాట కూడా రాలేదు. టీ కుదిరింది, భాష ఆగింది. అప్పుడు నేను పెట్టిన నియమం ఒక్కటే: ఒకే పానీయం వారంలో రెండుసార్లు చెప్పకూడదు. దాంతో దాల్చినచెక్క వేసిన ‘ఇర్ఫా’ వచ్చింది, మెంతుల ‘హిల్బా’ వచ్చింది, చిక్కటి పాల ‘సహ్లబ్’ మీద కొబ్బరి, పప్పులు వచ్చాయి. ‘కర్కదేహ్’ వచ్చినరోజు ఆమె పంపిన రికార్డు అన్నింటికన్నా పొడుగైనది. ఎర్రటి ఆ పుల్లని నీళ్లు మన ఎర్ర గోంగూర కాయల రేకులతో కాచేవే. గోంగూరను టీగా తాగుతారా అని ఆమె, ఆకును కూరగా వండుతారా అని పెద్దాయన, ఇద్దరూ ఒకరినొకరు నమ్మలేదు. ఆ వాదన నడిచినంతసేపూ ఆమె వాడిన అరబ్బీ నేను నేర్పింది కాదు.

మార్చి 11న రమదాన్ మొదలై పగటి బుఫే మూతపడింది. ఆ నెల రికార్డులు తక్కువ. బల్ల కింద ఫ్లాస్కు పెట్టుకున్నానని ఒకసారి చెప్పారు, మూత తీసిన ప్రతిసారీ దొంగతనం చేస్తున్నట్టుందని కూడా.

ఒక్క అపరాధం మాత్రం ఆమెను మే దాకా వెంటాడింది. జనవరిలోనే, వీధి కుష్క్‌లో టీ తాగి ‘కామ్?’ అని అడిగితే కొట్టువాడు ‘ఖల్లీహా అలేనా’ అన్నాడు. ఈసారికి మా మీద వదిలెయ్యండి అని. ఎంత మంచివాడో అనుకుని ఆమె షుక్రన్ చెప్పి వచ్చేశారు. అది మర్యాదకు అనే మాట. రెండు మూడుసార్లు బతిమాలి డబ్బు చేతిలో పెట్టాలి. నేను చెప్పగానే మర్నాడు వెళ్లి ఇచ్చారు, వాడు అసలు గుర్తే లేనట్టు నటించాడట.

మే ఆఖరి గురువారం ఆమె బుఫేకు వెళ్లి ఆ నెల లెక్క కట్టబోయారు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ‘ఖల్లీహా అలయ్యా’ అన్నాడు. ఆమె ‘మా యిన్‌ఫఅష్ యా అమ్మ్’ అన్నారు, కుదరదు బాబాయ్ అని. ఆయన మళ్లీ అన్నాడు. ఆమె మళ్లీ కాదన్నారు. మూడోసారి డబ్బు సింకు పక్కన చక్కెర డబ్బా కింద పెట్టి ‘తిస్లమ్ ఈదక్’ అన్నారు, నీ చెయ్యి చల్లగా ఉండాలని. ఆయన డబ్బు లెక్కపెట్టకుండా జేబులో వేసుకుని, కనకా తీసి, ‘తిష్రబీ ఏహ్?’ అని అడిగాడు.

ఆమె నాకు పంపిన చివరి రికార్డు అక్కడ ఆగిపోతుంది. ఏం చెప్పారని తర్వాత అడిగాను. ‘సాదా’ అన్నారట.